సరిసమానమైన డెస్క్‌టాప్

మా మండల ఆఫీసులో ఒక లాప్‌టాప్ ఉండేది. అది బాగా పనిచేసేది. దానికొచ్చిన కష్టమంతా అక్కడే మొదలైంది.

ఎక్కడో ఒక ఉద్యోగి తన ఆఫీసు లాప్‌టాప్‌ను బస్సులో మర్చిపోయాడట. పై ఆఫీసులో పెద్దలు కూర్చుని ఆలోచించారు. ఉద్యోగులు మర్చిపోకుండా చూడటం ఎవరి వల్లా కాదని వాళ్ళకు అనుభవం మీద తెలుసు. అందుకని బస్సులో మర్చిపోలేని కంప్యూటర్ ఏదైనా ఉందా అని విచారించారు. డెస్క్‌టాప్‌ను ఇంతవరకు ఎవరూ బస్సులో మర్చిపోలేదని తేలింది. వెంటనే సర్క్యులర్ వచ్చేసింది. ప్రతి లాప్‌టాప్‌కూ తోడుగా ఒక డెస్క్‌టాప్‌ను కమిటీ ద్వారా ఎంపిక చేయవలెను. సదరు డెస్క్‌టాప్ సదరు లాప్‌టాప్‌తో అన్ని విధములా సరిసమానముగా ఉండవలెను. తనిఖీ పూర్తయి ఉత్తర్వులు వచ్చువరకు లాప్‌టాప్‌ను వినియోగించరాదు.

ఈ సంగతులేవీ అప్పటికి నాకు తెలియవు. నాకు తెలిసింది ఒకటే. పట్నం పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ కోర్సులో నాకు సీటొచ్చింది. శనివారం సాయంత్రం ఐదు లోపల నివాస ధ్రువపత్రం తీసుకెళ్ళి చూపిస్తే ఆ సీటు నాది. చూపించకపోతే నా తర్వాత ఉన్నవాళ్ళది.

సోమవారం నాన్నా నేనూ మండల ఆఫీసుకు వెళ్ళాం. నాన్న పేరు ఏడుకొండలు. ఆయనకు ఒక ట్రాలీ ఆటో ఉంది. ఉల్లిపాయల బస్తాలు, గ్యాస్ సిలిండర్లు, పెళ్ళిసామాను, ఏదైనా తోలతాడు. మేం వెళ్ళేసరికి కంప్యూటర్ ఆపరేటర్ గ్రేసక్క ఖాళీ బల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చుని ఉంది.

"లాప్‌టాప్ ఏదమ్మా?" అన్నాడు నాన్న.

గ్రేసక్క బీరువా వైపు చూపించింది. బీరువాకు తాళం ఉంది. తాళానికి గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ మీద లక్క సీలు ఉంది.

"అందులో ఉందన్నా. ఆరోగ్యంగానే ఉంది. మొన్నటిదాకా రోజుకు నలభై సర్టిఫికెట్లు ఇచ్చింది. ఇప్పుడు దానికి తోడొచ్చేదాకా బయటికి రాకూడదంట."

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అటెండరు మస్తాన్ మామ అందుకున్నాడు. "మా ఇంట్లో మేక కూడా తోడు కావాలని ఇంత పట్టు పట్టలా బావా."

అప్పుడే సూపరింటెండెంట్ పరాంకుశం గారు వచ్చారు. తహసీల్దారు గారు బదిలీ అయి వెళ్ళాక ఆఫీసు మొత్తానికి ఇన్‌ఛార్జి ఆయనే. ఆయన మామూలుగా మాట్లాడరు. ఫైలు చదివినట్టు మాట్లాడతారు.

"మీ దరఖాస్తు స్వీకరించడమైనది. పరిశీలించడమైనది. ప్రస్తుతమునకు పెండింగులో ఉంచడమైనది," అన్నారు. దరఖాస్తు ఇంకా నా చేతిలోనే ఉంది.

"శనివారం లోపల కావాలండీ," అన్నాడు నాన్న. "మా సింధూరకు కంప్యూటర్ సీటొచ్చింది. చిన్నప్పట్నుంచీ కంప్యూటర్‌లో ఫస్టండీ. బడికి కాదు, మండలానికే ఫస్టు."

నాన్న అబద్ధం చెప్పలేదు. కాకపోతే మా బడిలో కంప్యూటర్ ఎప్పుడూ గుడ్డ కప్పుకుని ఉండేది. ఆ గుడ్డను ఆగస్టు పదిహేనుకు ఉతికేవాళ్ళు. మేము అట్టల మీద కీబోర్డు గీసుకుని టైపింగ్ నేర్చుకున్నాం. మండల పోటీ కూడా అట్టల మీదే జరిగింది. సార్లు మా పక్కన నిలబడి వేళ్ళు ఎటు పోతున్నాయో చూసి మార్కులేశారు. ఇదంతా చెబుదామనుకున్నాను. కానీ కొత్తవాళ్ళ ముందు నాకు మాట గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

పరాంకుశం గారి కళ్ళు మెరిశాయి. "సర్క్యులర్ ఏడవ పేరా! కమిటీలో కంప్యూటర్ పరిజ్ఞానము గల విద్యార్థిని ఒకరు సభ్యురాలిగా ఉండవలెను. రెండు వారములుగా గాలించుచున్నాము. అమ్మాయీ, నీకు సమ్మతమేనా?"

నేను నేల చూశాను.

"మౌనము అంగీకారము. గ్రేస్, మినిట్స్‌లో నమోదు చేయండి."

"దేంట్లో నమోదు చేయమంటారు సార్? కంప్యూటర్ బీరువాలో ఉందిగా."

"చేతితో రాయండి. కమిటీ పని త్వరగా ముగిసినచో, ఈ అమ్మాయి ధ్రువపత్రము కూడా త్వరగా వచ్చును."

ఆ మాటతో నాన్న మురిసిపోయాడు. దారిపొడుగునా కనపడ్డవాళ్ళందరికీ ఆటో ఆపి మరీ చెప్పాడు, తన కూతుర్ని గవర్నమెంటు కమిటీలో వేశారని.

మంగళవారం మొదటి సమావేశం జరిగింది. పరాంకుశం గారు అధ్యక్షులు. గ్రేసక్కా నేనూ సభ్యులం. మస్తాన్ మామ సభ్యుడు కాడు, టీలు ఇవ్వడానికి వచ్చాడు. కానీ ఎక్కువ మాట్లాడింది ఆయనే.

ముందు గ్రేసక్క చెప్పింది. "సార్, ఊళ్ళకు పోయినప్పుడు లాప్‌టాప్ పట్టుకుపోతాం. ఆఫీసులో ఉన్నప్పుడు డెస్క్‌టాప్ మీద చేసుకుంటాం. తెర కాస్త పెద్దదైతే కళ్ళకు సుఖం. మంచి కీబోర్డు, అందులో ఫైళ్ళు ఇందులో కనపడే ఏర్పాటు ఉంటే చాలు. మధ్యరకం పెట్టె ఏదైనా సరిపోద్ది."

ఇంత తెలివైన మాట ఆ వారంలో మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. పరాంకుశం గారు విని జాలిగా నవ్వారు.

"గ్రేస్, మీరు అవసరము గురించి మాట్లాడుచున్నారు. మనమిక్కడ సమావేశమైనది సమానత్వము గురించి."

ఒక తెల్లకాగితం మీద నిలువుగా గీత గీశారు. ఎడమవైపు లాప్‌టాప్ గుణాలు రాశారు. కుడివైపు డెస్క్‌టాప్‌కు ఆ గుణాలు ఉన్నాయో లేవో రాయాలి. పట్నం నుంచి పిలిపించిన కంప్యూటర్ షాపు యజమాని ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మొదటి అంశము. లాప్‌టాప్ మడవబడును. మీ డెస్క్‌టాప్ మడవబడునా?"

"లేదు సార్."

"మడిస్తే మడుసుద్ది సార్. మళ్ళీ తెరుసుకోదు," అన్నాడు మస్తాన్ మామ.

పరాంకుశం గారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, మడత బల్ల ఒకటి కొనాలని రాయించారు. బల్ల మడవబడును కావున, బల్ల మీదిది కూడా మడవబడినట్లే భావించవలెను.

రెండో అంశం, కరెంటు పోయినా లాప్‌టాప్ మూడు గంటలు నడుస్తుంది. దానికి ఇన్వర్టరు, రెండు బ్యాటరీలు రాశారు. ఒక్కో బ్యాటరీ తడిసిన వడ్ల మూటంత బరువుంటుంది. తర్వాత, లాప్‌టాప్‌కు భుజాన వేసుకునే సంచి ఉంది. లారీ పట్టాలు కుట్టే ఆయనతో డెస్క్‌టాప్‌కు సంచి కుట్టించాలని తీర్మానించారు. మర్నాటికల్లా ఆయన కుట్టి తెచ్చాడు కూడా. భుజానికి పట్టీ కూడా పెట్టాడు. ఆ పట్టీని మోయగల భుజం మా మండలంలో లేదు.

"నాలుగవ అంశము. లాప్‌టాప్‌ను ఒడిలో ఉంచుకొనవచ్చును."

"సార్, అది మాత్రం వదిలేయండి సార్," అంది గ్రేసక్క.

"వదలుటకు మనకు అధికారము లేదు. ప్రస్తుతానికి ప్రశ్నార్థకము వేయండి. ఐదవది, అతి ముఖ్యమైనది. లాప్‌టాప్ గ్రామములకు వెళ్ళగలదు. డెస్క్‌టాప్ కూడా వెళ్ళగలదని ప్రత్యక్షముగా నిరూపించవలెను. ఏడుకొండలూ, నీ ఆటో గురువారము ఖాళీయేనా?"

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న నాన్న ఉలిక్కిపడి, ఖాళీయేనండీ అన్నాడు. మినిట్స్ చివర పరాంకుశం గారు సొంతంగా ఒక వాక్యం చేర్చారు: విద్యార్థిని సభ్యురాలు అన్ని అంశములతో ఏకీభవించినారు. నేను నోరు తెరిచాను. అప్పటికే ఆయన లేచి వెళ్ళిపోయారు.

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: "ఇంకా నాలుగు రోజులుంది. ఇవాళ కూడా మాట్లాడలేదు. సర్క్యులర్ కాపీ ఇంటికి తెచ్చుకున్నాను. మాట్లాడనివాళ్ళు కనీసం చదవాలి."

గురువారం పొద్దున్నే ఆటో ట్రాలీలో మడత బల్ల వేశారు. దాని మీద షాపు యజమాని పంపిన డెస్క్‌టాప్, కింద ఇన్వర్టరు, బ్యాటరీలు పెట్టారు. ఎండ తగలకుండా బండి కొట్టువాళ్ళ రంగుల గొడుగు ఒకటి అరువు తెచ్చి కట్టారు. బయలుదేరగానే గుంటలో పడి తెర ఊగిపోయింది. గ్రేసక్క గబుక్కున దాన్ని లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. ముందు సీట్లో నుంచి పరాంకుశం గారు వెనక్కి తిరిగి చూసి, "నాలుగవ అంశము! అవును అని రాయండి!" అని కేకేశారు.

మొదటి ఊళ్ళో ఆటో ఆగీ ఆగగానే ఆడవాళ్ళు సంచులతో వచ్చారు. "ఉల్లిపాయలు కిలో ఎంత ఏడుకొండలన్నా?"

"ఇయ్యాల ఉల్లిపాయలు కాదక్కా, కంప్యూటర్."

"కిలో లెక్కనా, పెట్టె లెక్కనా?"

రెండో ఊళ్ళో ఒకామె బ్యాటరీలను కాలితో తట్టి, పాత ఇనుము అమ్ముతున్నారా కొంటున్నారా అని అడిగింది. మూడో ఊళ్ళో ఒక తాత కర్ర పోటేసుకుంటూ వచ్చి ట్రాలీ అంచు పట్టుకున్నాడు.

"నాకు పింఛను కాయితం ఒకటి కావాలి తల్లీ. దీంట్లో కొట్టిస్తారా?"

"ఇది ఇంకా వాడకూడదు తాతా," అంది గ్రేసక్క.

"మరెందుకు తెచ్చార్రా?"

"తీసుకురావచ్చో లేదో చూట్టానికి."

"అట్టనా," అన్నాడు తాత. గవర్నమెంటు పని ఎలా నడుస్తుందో చాలా ఏళ్ళుగా తెలిసిన మనిషిలాగా నెమ్మదిగా తలూపి, మా కోసం పక్కింటి నుంచి మంచినీళ్ళు తెప్పించాడు.

ప్రయోగం విజయవంతమైనదని సాయంత్రం నమోదు చేశారు. డెస్క్‌టాప్ మూడు గ్రామాలు తిరిగి వచ్చింది. ఒక్కసారి కూడా స్విచ్ వేయలేదు.

ఇక అయిపోయిందనుకున్నాను. కానీ శుక్రవారం పరాంకుశం గారు సర్క్యులర్‌ను వెలుతురులో పట్టుకుని తొమ్మిదవ పేరా కనిపెట్టారు. సమానత్వము ఉభయ పక్షములకూ వర్తించును.

"అంటే డెస్క్‌టాప్‌ను లాప్‌టాప్‌తో సమానము చేసినంత మాత్రమున చాలదు. లాప్‌టాప్‌ను కూడా డెస్క్‌టాప్‌తో సమానము చేయవలెను. డెస్క్‌టాప్ ముఖ్య లక్షణమేమి?"

"బల్ల మీద ఉండటం సార్," అంది గ్రేసక్క. అని నాలిక కరుచుకుంది.

సీలు పగలగొట్టి లాప్‌టాప్‌ను బయటికి తీశారు. గ్రేసక్క దాని మూత మీద దుమ్మును చీర కొంగుతో తుడిచింది.

"సార్, ఎట్టాగూ బయటికొచ్చింది. ఈ పిల్లది ఒక్కటి కొట్టిస్తా. రెండు నిమిషాలు."

"మరమ్మతు నిమిత్తము తీయబడినది, గ్రేస్. వినియోగము నిమిత్తము కాదు."

వడ్రంగిని పిలిపించి, లాప్‌టాప్‌ను టేకు బల్లకు నాలుగు ఇనప పట్టీలతో బిగించారు. డెస్క్‌టాప్‌కు లోపల బ్యాటరీ ఉండదు కాబట్టి దీని బ్యాటరీ కూడా ఊడదీశారు. చివర్లో మూత మీద ఒక గుడ్డ కప్పారు. మస్తాన్ మామ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చాడు.

"ఇంక దీన్ని బస్సులో మర్చిపోవాలంటే బల్లక్కూడా టికెట్ కొట్టించాల."

గ్రేసక్క బల్లకు బిగించిన లాప్‌టాప్ వైపు చూసింది. కిటికీలోంచి ఆటోలో గొడుగు కింద ఉన్న డెస్క్‌టాప్ వైపు చూసింది. నా చెవి దగ్గరికి వంగి, "సింధూరా, మొదట్లోనే రెంటి మీదా పేర్లు మార్చి చీటీలు అంటించుంటే అయిపోయేదే," అంది.

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. రేపే శనివారం.

శనివారం పదకొండింటికి రావలసిన తనిఖీ అధికారిణి మేడం ఒంటిగంటన్నరకు వచ్చారు. నాన్న ఆవరణలో ఆటో పక్కనే కూర్చుని ఉన్నాడు. డెస్క్‌టాప్‌ను దించాలంటే ఇంకో తీర్మానం కావాలన్నారు. అందుకని గురువారం నుంచి ఆయనకు వేరే బాడుగ లేదు. పట్నం ఇరవై రెండు కిలోమీటర్లు. నాన్న ఊరికే ఫోనులో టైము చూసుకుంటున్నాడు.

మేడం బల్లకు బిగించిన లాప్‌టాప్‌ను లాగి చూశారు. కదల్లేదు. బయటికెళ్ళి, "ఏదీ, ఆటోను కదిలించండి," అన్నారు. డెస్క్‌టాప్ పది గజాలు వెళ్ళి వచ్చింది.

"చాలా శ్రద్ధగా చేశారు పరాంకుశం గారూ. నేను తిరిగిన మండలాల్లో ఎక్కడా ఇంత సమానత్వం చూడలేదు. ఇక పదకొండో పేరా. విద్యార్థిని సభ్యురాలు నోటిమాటగా ధ్రువీకరించాలి. అమ్మాయీ, ఈ రెండూ సమానమేనా? కాదంటే మళ్ళీ కమిటీ వేయాలి. సమానమంటే ఫైలు జిల్లాకు వెళ్తుంది. పదిహేను రోజుల్లో లాప్‌టాప్ వాడుకోమని ఉత్తర్వు వస్తుంది."

పదిహేను రోజులు. గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. గుమ్మంలో నాన్న చేతిలో తువ్వాలు నలుపుతున్నాడు.

"మౌనము అంగీకా..." అని పరాంకుశం గారు మొదలుపెట్టారు.

"సమానమేనండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అందరూ నా వైపు తిరిగారు. ఇక ఆగితే మళ్ళీ మాట రాదని తెలిసి, గబగబా చెప్పేశాను.

"సమానమైతే లాప్‌టాప్ చేసే పని అదీ చేయొచ్చు కదండీ. సర్క్యులర్‌లో లాప్‌టాప్ వాడకూడదని ఉంది. డెస్క్‌టాప్ వాడకూడదని ఎక్కడా లేదు. నేను పదకొండుసార్లు చదివానండి."

మేడం సర్క్యులర్ తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చివరి నుంచి మొదటిదాకా చూశారు.

"నిజమే. వాడకూడదని లేదు."

"వాడవచ్చునని కూడా లేదు మేడం," అన్నారు పరాంకుశం గారు.

"లేదు. కానీ మొన్నటిదాకా లాప్‌టాప్‌ను రోజూ వాడారు. డెస్క్‌టాప్‌ను వాడకపోతే అది దానితో సమానం ఎలా అవుతుంది?"

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. ఐదు రోజులుగా కట్టిన సమానత్వం కళ్ళ ముందే పగులుతున్నట్టనిపించి ఉండాలి. "గ్రేస్! డెస్క్‌టాప్‌ను తక్షణమే వాడవలెను!"

గ్రేసక్క అప్పటికే ఆటో ఎక్కేసింది. కానీ ప్రింటరు ఆఫీసులో ఉంది. ప్రింటరుకు కమిటీ వేయలేదు కాబట్టి దాన్ని కదిలించరాదు. అందుకని ఆటోనే ప్రింటరు దగ్గరికి రావాలి. నాన్న స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మస్తాన్ మామ కిటికీ కింద నిలబడి రెండు చేతులూ ఊపాడు.

"రానీ బావా, రానీ! ఎడమకి కొట్టు! రానీ, రానీ... ఆగాగాగు! పూలకుండీ!"

కుండీ పోయింది. ప్రింటరు వైరు కిటికీ ఊచల్లోంచి బయటికి వచ్చి, ఇంకా బెత్తెడు దూరంలో ఆగిపోయింది. నాన్న ట్రాలీ వెనక తలుపు దించి, బల్లను అంచు దాకా జరిపాడు. అందింది. మూడు ఊళ్ళు తిరిగిన డెస్క్‌టాప్ మొట్టమొదటిసారి వెలిగింది. ఆవరణలో ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. గ్రేసక్క తన ఫోను నుంచి నెట్ ఇచ్చి, పక్కకు జరిగింది.

"రా. నీ పేరు నువ్వే కొట్టుకో."

కీబోర్డు మీద వేళ్ళు పెట్టాను. చూడకుండానే అన్ని అక్షరాలూ ఎక్కడున్నాయో తెలుసు. ఒకటి నొక్కాను. టక్ మంది. నేను చేయి వెనక్కి తీసేసుకున్నాను. అట్ట మీద ఎంత నొక్కినా ఎప్పుడూ చప్పుడు రాలేదు.

"ఏమైందే?"

"ఏం లేదక్కా," అని మొత్తం కొట్టాను.

కిటికీ లోపల కాగితం బయటికొచ్చింది. పరాంకుశం గారు ఆకుపచ్చ సిరాతో సంతకం చేసి, ముద్ర వేసి, కిటికీ ఊచల్లోంచే అందించారు. టైము మూడుంబావు.

డెస్క్‌టాప్‌ను దించడానికి తీర్మానం లేదు కాబట్టి దానితోనే పట్నం బయల్దేరాం. అది తన సంతకం మీద ఉంది గనుక అది ఎటుపోతే తనూ అటే అని గ్రేసక్క వెనకే కూర్చుంది. దారిలో మూడో ఊరి దగ్గర తాత చెయ్యెత్తి ఆటో ఆపాడు. రెండు నిమిషాల్లో గ్రేసక్క ఆయన దరఖాస్తు ఎక్కించేసి, సోమవారం వచ్చి కాయితం తీసుకోమంది. "ఇయ్యాల వాడొచ్చా?" అన్నాడు తాత. "ఈ పిల్ల వాడొచ్చంది తాతా," అంది గ్రేసక్క.

పాలిటెక్నిక్‌కు చేరేసరికి నాలుగూ ముప్పావు. గుమాస్తా గారి ముందు బల్ల ఖాళీగా ఉంది. ఆయన నా కాగితం వెలుతురుకు పెట్టి చూసి, రిజిస్టర్లో నా పేరు చేత్తో రాసి, సంతకం పెట్టించుకున్నారు.

"సీటు ఖాయమైందమ్మా. సోమవారం నుంచి క్లాసులు."

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. గుమాస్తా గారు కిటికీలోంచి బయటికి చూశారు. చూసి, లేచి నిలబడ్డారు.

"ఆ ఆటోలో ఉన్నది డెస్క్‌టాపేనా? దేవుడు పంపినట్టొచ్చారు! మాకూ మొన్నే సర్క్యులర్ వచ్చింది." ఆయన పక్కకు జరిగారు. వెనక బీరువా కనపడింది. తాళం, తాళానికి గుడ్డ, గుడ్డ మీద లక్క సీలు. "కమిటీ వేయాలి. ఒక విద్యార్థిని కావాలట. మీలో ఎవరికైనా ఇలాంటి కమిటీలో పనిచేసిన అనుభవం..."

నాన్న ఛాతీ పొంగింది. "ఎందుకు లేదండీ, మా అమ్మాయి..."

"లేదండీ!" అన్నాను.

ప్రిన్సిపాలు గారు తన గదిలోంచి బయటికొచ్చి, ఎవరా అరిచింది అని అడిగారు.